వార్డు మీటింగులో మూడు నిమిషాలు: పబ్బు వెనక మెట్ల గురించి ఎలా చెప్పాలి?

మిక్సర్_హిందూపురం:
పదకొండేళ్లుగా బెంగళూరులో లైవ్ సౌండ్ చేస్తున్నాను, ఎక్కువగా ఇందిరానగర్, కోరమంగల పబ్బుల్లో. ఈ శనివారం మా వార్డు మీటింగు. పాటలు పూర్తిగా ఆపించాలని కాలనీవాళ్లు అర్జీ రాశారు. వాళ్ల బాధ నిజమే. రాత్రి పదకొండుకు కిటికీ అద్దాలు అదురుతుంటే పసిపిల్లలు ఎలా పడుకుంటారు?

నా భయం మాత్రం వేరే. పోయిన నెల ఒక పబ్బులో, నాలుగో అంతస్తులో, కేబుల్ లాగడానికి వెనక మెట్ల తలుపు తీయబోతే తాళం వేసుంది. తాళంచెవి మేనేజరు దగ్గర, మేనేజరు కింద. తెరిపించి చూస్తే మెట్లనిండా బీరు పెట్టెలు. హాల్లో కాలు పెట్టే సందు లేదు. చెబితే వినలేదు. మనకు దగ్గర్లోనే కార్ల్‌టన్ టవర్స్ అనే ఆఫీసు భవనంలో 2010 ఫిబ్రవరి 23న మంటలు లేచి 9 మంది పోయారు. అక్కడా మెట్లదారులు మూసే ఉన్నాయి. పబ్బులో ఆ తాళం చూసినప్పటి నుంచి నాకు అదే గుర్తొస్తోంది.

నా కన్నడ అంతంతమాత్రం. పైగా పబ్బుల మనిషినని ముందే కొట్టిపారేస్తారేమో. ఎక్కడ మొదలుపెట్టను?

డొమ్లూరు_టీచరు:
బాబూ, నేను అర్జీ రాసే వైపు మనిషిని. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదన్న రూలు మేము ఎత్తకముందే నువ్వే ఎత్తు. మిద్దె మీద పెట్టినా అది ఆరుబయటేనని నువ్వే అను. మా మాట నీ నోట వస్తే మిగతాది కూర్చుని వింటాం. ఆ పబ్బు పేరు ఎత్తకు, చర్చంతా ఓనరు మీదికి పోతుంది. మొదటి రెండు వాక్యాలు కన్నడలో బట్టీపట్టు. 'బాగిలిగె బీగ హాకిద్దరు', తలుపుకు తాళం వేశారు. అది చాలు.

స్టేజీలైట్లు:
అన్నా, అడిగేది ఒక్కటే పెట్టుకో. 'భద్రత కావాలి' అంటే తలూపి వదిలేస్తారు. 'ఫైర్ సిబ్బంది శుక్రవారం రాత్రి, రద్దీలో వచ్చి మెట్లు చూడాలి' అను. పగలు వస్తే పెట్టెలు ఉండవు. ఎప్పుడొస్తారో తేదీ అడిగి మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, రాయించు. ఫోన్‌లో డెసిబెల్ యాప్ కూడా చూపించు.

మిక్సర్_హిందూపురం:
టీచరుగారూ, మీ మాట పట్టుకునే మొదలుపెడతాను.

తమ్ముడూ, యాప్ వద్దు. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, కానీ ఆ కొలతలో బేస్, అంటే దడదడలాడే లోతు శబ్దం, తక్కువగా పడుతుంది. మీటర్లో తక్కువ చూపినా పక్కింటి గోడ అదురుతూనే ఉంటుంది. మీటరు చూపిస్తే వాళ్లకు నిద్ర పట్టట్లేదన్నది అబద్ధమన్నట్టు అవుతుంది. దానికి బదులు, నేను చేసే షోల్లో పది కొట్టగానే సబ్‌ఊఫర్లు, అంటే ఆ బేస్ ఇచ్చే స్పీకర్లు, ఆపేస్తానని మాటిస్తాను. అది నా చేతిలో ఉన్న పని. మెట్లు నా చేతిలో లేవు, అందుకే మీటింగుకు వస్తున్నానని చెబుతాను.

శుక్రవారం తనిఖీ అర్జీ ఈ రాత్రికి రాస్తాను. కన్నడ వాక్యాలు ఎవరైనా సరిచూస్తారా?