తరగతి గది టీవీలో యూట్యూబ్ రిస్ట్రిక్షన్ పిల్లలు తీసేయకుండా ఎట్లా?

సైన్స్ టీచర్, హన్మకొండ:
9, 10 తరగతుల గదుల్లో టీవీకి ఫైర్ టీవీ స్టిక్ (టీవీలో నెట్ వీడియోలు చూపే అమెజాన్ పరికరం) పెట్టి పాఠాలు చూపిస్తున్నం. యూట్యూబ్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ (పిల్లలకు తగని వీడియోలను దాచే సెట్టింగ్) ఆన్ చేసినా, రిమోట్ దొరికితే పిల్లలు తీసేస్తున్నరు. వైఫై పాస్‌వర్డ్ తెలిసినోళ్లు ఫోన్ నుంచి కాస్ట్ చేస్తున్నరు, అంటే ఫోన్‌లో వీడియో ఎంచి టీవీ మీదికి పంపుతున్నరు. గట్టి దారి ఏముంది?

నెట్‌వర్క్ పని, కాజీపేట:
మేడమ్, టీవీ యాప్‌లో ఆ స్విచ్‌కు తాళం లేదు. రౌటర్‌లోనే పెట్టాలి. లాన్ సెట్టింగ్స్‌లో డిహెచ్‌సిపి (పరికరాలకు నెట్ అడ్రస్‌లు పంచే భాగం) కింద ప్రైమరీ డిఎన్ఎస్ (సైట్ పేరు అడిగితే దాని నంబర్ అడ్రస్ చెప్పే సర్వర్) 185.228.168.168, సెకండరీ 185.228.169.168 ఇవ్వండి. ఇది క్లీన్‌బ్రౌజింగ్ ఉచిత ఫ్యామిలీ ఫిల్టర్. అశ్లీల సైట్లు ఆపుతది, యూట్యూబ్ రిస్ట్రిక్టెడ్ మోడ్‌ను నెట్‌వర్క్ నుంచే బిగిస్తది. చాలామంది సెకండరీలో గూగుల్ డిఎన్ఎస్ 8.8.8.8 అట్లనే వదిలేస్తరు. పరికరం రెండిట్లో దేన్నైనా అడగొచ్చు, అందుకే ఫిల్టర్ ఒకసారి పనిచేస్తది, ఒకసారి చేయదు. ఐపివి6 (కొత్త తరం నెట్ అడ్రస్ పద్ధతి) ఆన్‌లో ఉన్నా అదే తిప్పలు, నెట్ కంపెనీ డిఎన్ఎస్ ఆ దారిన వచ్చేస్తది. అవసరం లేకుంటే ఆపేయండి.

మార్చినంక స్టిక్‌ను రీస్టార్ట్ చేయాలి, లేకపోతే పాత అడ్రసే పట్టుకొని ఉంటది. ఏ వీడియో కిందా కామెంట్లు రాకపోతే ఫిల్టర్ పట్టినట్టే.

కాస్ట్‌కు మందు: టీవీలకు వేరే వైఫై పేరు, వేరే పాస్‌వర్డ్. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి పాత ఫోన్లన్నీ తీసేయండి. గెస్ట్ నెట్‌వర్క్ వాడితే దాని డిఎన్ఎస్ విడిగా ఉందేమో చూడండి.

ల్యాబ్ ఇన్‌చార్జ్, జనగామ:
స్టిక్‌లో కూడా రెండు పనులున్నయి. సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, పేరెంటల్ కంట్రోల్స్‌లో 5 అంకెల పిన్ పెట్టి, కొనుగోళ్లకూ యాప్ తెరవడానికీ పిన్ అడిగేటట్టు చేయండి. ప్రిఫరెన్సెస్‌లోనే ఫీచర్డ్ కంటెంట్‌లో వీడియో, ఆడియో ఆటోప్లే ఆపండి. లేకపోతే హోమ్ స్క్రీన్ మీద సినిమా ట్రైలర్ దానంతటదే మొదలైతది.

సైన్స్ టీచర్, హన్మకొండ:
పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం వీడియోలు కూడా దాచేస్తదా సార్?

నెట్‌వర్క్ పని, కాజీపేట:
కొన్నిటిని దాచేస్తది. ఆ కోపంతో ఫిల్టర్ మొత్తం తీసేయొద్దు. డిఎన్ఎస్‌ను 185.228.168.10, 185.228.169.11కి మార్చండి. ఇందులో అశ్లీల సైట్లు ఆగుతయి గానీ యూట్యూబ్ బిగియదు. తర్వాత రౌటర్‌లో హోస్ట్ ఎంట్రీలు (ఈ సైట్ పేరుకు ఈ అడ్రస్ అని మనమే రాసిపెట్టేవి) పెట్టే వీలుంటే యూట్యూబ్ సైట్ పేర్లను 216.239.38.119కి తిప్పండి. అది రిస్ట్రిక్టెడ్ మోడ్‌లోనే మోడరేట్ రకం, కొంచెం వదులు. ప్రకటనలు మాత్రం ఏ మోడ్‌లోనూ ఆగవు. ఈ పాఠం వరకైతే ల్యాప్‌టాప్‌ను హెచ్‌డిఎంఐ వైరుతో టీవీకి కలిపి, పుస్తకంలోని క్యూఆర్ కింద ఉన్న 6 అక్షరాల కోడ్‌ను దీక్ష అనే ప్రభుత్వ పాఠాల సైట్‌లో కొట్టి చూపించడమే మేలు.