ఈసీఈ చదివే పిల్లవాడు కర్నెల్, బోర్డుల వైపు వెళ్లాలా? ఫుల్‌స్టాక్ కోర్సులో చేరాలా?

పాలకొల్లు నాన్న
మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. తోటివాళ్లంతా ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్లు మొత్తంగా తయారుచేసే) కోర్సుల్లో చేరుతుంటే వీడు సీ, మైక్రోకంట్రోలర్ బోర్డులు వదలడం లేదు. లినక్స్ కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం), డివైస్ డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్) నేర్చుకుంటానంటాడు. కాలేజీకి వచ్చే కంపెనీలు వీటి గురించి అడగడం లేదట. పంపమంటారా, వద్దంటారా? టెన్షన్‌గా ఉందండి.

తణుకు కుర్రాడు
వద్దండి. చిప్ కంపెనీలు ఫ్రెషర్ల కోసం ముందు ఐఐటీలు, ఎన్ఐటీలు, ఎంటెక్ వాళ్ల వైపే చూస్తాయి. మన డిగ్రీతో ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు కోడ్ రాసే పని) అని చేరితే టెస్టింగ్‌లో కూర్చోబెడతారు, అక్కడి నుంచి కదలడం కష్టం. ముందు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పట్టుకోవాలి. ఇష్టముంటే తర్వాత మారొచ్చు.

రాజోలు ఫర్మ్‌వేర్
ఫ్రెషర్ల గురించి తమ్ముడు చెప్పింది నిజం. ఇక్కడ మొదటి ఉద్యోగమే గగనం. కానీ "తర్వాత మారొచ్చు" అన్నది ఒప్పుకోను. కొన్నేళ్లు జావా రాసి ఫర్మ్‌వేర్‌కు (పరికరం లోపలే ఉండి దాన్ని నడిపే కోడ్ పనికి) వద్దామనుకునేవాళ్లను ఇంటర్వ్యూ చేస్తుంటాను. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (హార్డ్‌వేర్ పిలవగానే చేస్తున్న పని ఆపి నడిచే కోడ్‌లో) స్లీప్ (కాసేపు ఆగమనే ఆదేశం) ఎందుకు పిలవకూడదు అంటే తడబడతారు. పైగా జీతం తగ్గించుకుని మళ్లీ జూనియర్‌గా చేరతానంటే ఇంట్లో ఒప్పుకోరు. ఇష్టం ఉన్నవాడు ఇప్పుడే దిగాలి.

మన రొయ్యల చెరువులే చూడండి. రాత్రంతా ప్లాంక్టన్, రొయ్యలు కలిసి ఆక్సిజన్ వాడుకుంటాయి, ఎండ లేక కొత్తది తయారు కాదు, తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే మోటార్లు) ఆగితే పంట మీద ఆశ వదులుకోవడమే. కరెంటు రాగానే మోటార్లు ఆన్ చేసి, ఆగితే మెసేజ్ పంపే బోర్డు చేద్దామనుకోండి. యాప్ రాయడం అందులో తేలిక పని. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. అన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది, లేచాక మళ్లీ అన్నిటినీ ఆన్ చేస్తుంది, మళ్లీ పడుతుంది. కొన్ని సెకన్ల తేడాతో ఒక్కొక్కటే లేపాలి. ఇక 2జీ మోడెమ్ సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సప్లై చాలకపోతే మెసేజ్ వెళ్లిన ప్రతిసారీ బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ తప్పు కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు, ఆసిలోస్కోప్ (వోల్టేజి హెచ్చుతగ్గులను గీతగా చూపే పరికరం) పెడితే కనిపిస్తుంది. కోడ్, కరెంటు రెండూ చదవగలిగినవాడికి పని ఉండదంటే నేను నమ్మను.

ఖర్చు కూడా పెద్దగా లేదు. ఎంఐటీ వాళ్లు పాఠం కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను క్యూఈఎంయూ (కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ల్యాప్‌టాప్ మీదే నడపొచ్చు. కర్నెల్‌లోకి వెళ్లిన ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) లోకమంతటికీ కనిపిస్తుంది, పంపినవాడి కాలేజీ ఏదని అక్కడ ఎవరూ అడగరు.

కాకినాడ ల్యాబ్ మేడమ్
ల్యాబ్‌లో నేర్పే 8051 మైక్రోకంట్రోలర్ పాతదని పిల్లలు విసుక్కుంటారు. 1980లో వచ్చింది, పాతదే. కానీ ఇంటరప్ట్ వస్తే స్టాక్‌లో (ఆపిన పనికి తిరిగి రావడానికి వివరాలు దాచే మెమరీలో) ఏం దాస్తుందో అందులో అర్థమైతే ఆర్మ్ ప్రాసెసర్లు చూసి భయపడనక్కర్లేదు. నాకు బాధ కలిగించేది వేరే ఉంది: ప్రోగ్రామ్ బోర్డు మీద నడవకముందే ల్యాబ్ రికార్డు పుస్తకాలు నిండిపోతున్నాయి. ఐఐటీ మద్రాసు శక్తి, సీడాక్ వేగా అంటూ మన దేశంలోనే రిస్క్-ఫైవ్ (ఎవరైనా వాడుకోగల ఓపెన్ నమూనా) ప్రాసెసర్లు వచ్చిన రోజుల్లో ఇది సిగ్గుచేటు.

తణుకు కుర్రాడు
అన్నయ్యా, ప్యాచ్ చూసి హెచ్ఆర్ పిలుస్తారా? మన వైపు రెజ్యూమెలు పర్సంటేజీ దగ్గరే ఆగిపోతాయి. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చున్న పిల్లవాడి పరిస్థితి మీకు తెలియంది కాదు.

రాజోలు ఫర్మ్‌వేర్
హెచ్ఆర్ పిలవరు తమ్ముడూ. కోడ్ చదివే టీమ్ లీడ్‌లకు, చిన్న ప్రొడక్ట్ కంపెనీలకు నేరుగా రాయాలి. డేటా స్ట్రక్చర్లు వదలకూడదు. ఇంటి మీద అప్పుంటే క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ తీసుకోవాల్సిందే, అక్కడ నీ మాటే నా మాట. అప్పు లేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగనివ్వాలి.

పాలకొల్లు నాన్న
అప్పు లేదండి. వాళ్ల మేనమామకు ఆకివీడు దగ్గర చెరువులున్నాయి. మీరు చెప్పిన బోర్డు ఈ సెలవుల్లో చేసి అక్కడ పెడతానంటున్నాడు. పెట్టనివ్వొచ్చా?

రాజోలు ఫర్మ్‌వేర్
పెట్టనివ్వండి, ముందు ఒక్క మోటారుకే. చేత్తో నడిపే స్టార్టర్ తీసేయొద్దు, బోర్డు ఆగినా కాపలా మనిషి ఆన్ చేయగలగాలి. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, అది 415 వోల్టుల త్రీఫేజ్.