అందరి ఫోన్ నంబరూ 2147483647 ఎలా అయింది?

గోదారి_గట్టు:
మా తమ్ముడి కాలేజీ ప్రాజెక్టులో ఫారం నింపినవాళ్లు ఏ మొబైల్ నంబరు ఇచ్చినా, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ టేబుల్లో 2147483647 అనే పడుతోంది. నలభై మందికీ అదే. ఎవడో ఆకతాయి పనేమోనని మావాడు ఆ నంబరుకి ఫోన్ కూడా కొట్టాడు! ఇది ప్రధాన సంఖ్యట కదా, దానికీ దీనికీ ఏమైనా లింకుందా?

రాత్రి_షిఫ్ట్:
కాలమ్ ఇంట్ అని, అంటే 32 బిట్ల పూర్ణాంకమని పెట్టుంటాడు. ఆ 32 బిట్లలో (0 గానీ 1 గానీ పట్టే గడుల్లో) ఒకటి ప్లస్సా మైనస్సా అన్నదానికి పోతే, మిగతా 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే, 2^31 − 1. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి ఒక్కటీ పట్టదు. పట్టని విలువని తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే గరిష్ఠ విలువ రాసేసి ఊరుకుంటుంది. అక్షరాల్లా దాచే వార్‌చార్ పెట్టమనండి. నేనూ ఒకసారి ఇలాగే బుక్కయ్యాను, పోయిన నంబర్లు టేబుల్లోంచి తిరిగి రావు.

లెక్కల_పంతులు:
లింకేమీ లేదండీ, ప్రధానం కావడం దాని అదృష్టం. 16 బిట్ల ఇంట్‌లో గరిష్ఠం 32767, అది 7 × 31 × 151. 64 బిట్లదైతే 7తో పోతుంది. 2^n − 1 ప్రధానం కావాలంటే ముందు n ప్రధానం కావాలి. 15, 63 కావు, 31 అవుతుంది. అయినా అదొక్కటే చాలదు, 2^11 − 1 అంటే 2047, అది 23 × 89.

2^31 − 1 ప్రధానమని తేల్చింది గణితవేత్త ఆయిలర్, 1772లో, చూపు దాదాపు పోయాక. వర్గమూలం సుమారు 46,341, అక్కడిదాకా అన్నిటితో భాగించక్కర్లేదు. ప్రధాన కారణాంకం ఉంటే గింటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. అంటే 372 భాగహారాల్లో పని అయిపోతుంది. మా ఇంటర్ పిల్లలతో 311 దగ్గర మొదలుపెట్టించాను, శేషం 35. తర్వాతి ప్రధానం 1303. అక్కడికే బెల్లు కొట్టేశారు.

కోడు_కాకా:
10 అంకెలకే ఇంత హడావిడా? 2024లో దొరికిన ప్రధాన సంఖ్య 2^136279841 − 1కి 4,10,24,320 అంకెలు!

సీప్లస్_బాబాయి:
చిన్నదే కానీ పనికొచ్చేది కాకా. 1తో మొదలుపెట్టి ప్రతిసారీ 16807తో గుణించి, ఈ 2147483647తో భాగించి శేషం తీసుకోండి. 16807, 282475249, 1622650073... ఇలా 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కసారి వచ్చాకే మళ్ళీ మొదటికొస్తుంది. యాదృచ్ఛికంగా కనిపించే సంఖ్యలు పుట్టించే పాత రాండమ్ జనరేటర్లలో ఒకటి ఇదే. నేను రాసినప్పుడు గుణకారం 32 బిట్లలోనే చేసి మైనస్‌లు తెచ్చుకున్నా, రెండు రోజులు తల పట్టుకున్నా. 64 బిట్లకి మార్చాక పదివేలోది 1043618065 వచ్చింది. మీకూ అదే రావాలి. ఓటీపీలకి మాత్రం వాడకండి, ఒక్క విలువ తెలిస్తే తర్వాతివన్నీ ఎవరైనా లెక్కకట్టేస్తారు.

గోదారి_గట్టు:
వార్‌చార్ పెట్టాడు, పడుతున్నాయి. నలభై మందినీ మళ్ళీ నంబర్లు అడగడానికి మొహం చెల్లక క్లాస్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాడు.