‘దావే లేదు’: జాషువా గారి పద్యంలో ఈ దావు ఏమిటి?

జపాను దర్శకుడు కొరేఎడా 1998లో తీసిన ‘ఆఫ్టర్ లైఫ్’ సినిమా గురించి మాట్లాడుకుంటుంటే ఒక తమ్ముడు ‘ఇది మన హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో ఉన్న మాటే కదా’ అని జాషువా గారి ఈ పాదం పెట్టి, దావే అంటే దావానలమా అని అడిగాడు.

ఇట నస్పృశ్యత సంచరించుటకు దావేలేదు విశ్వంభరా

తమ్ముడూ, నిప్పు కాదు. అది తావు, అంటే చోటు. ఇక్కడ అంటరానితనం తిరగడానికి చోటే లేదు అని. ‘సంచరించుటకున్’ అని చివర ద్రుతం, అంటే ‘న్’ ఉంది, దాని తరవాత పరుషం (క చ ట త ప) వస్తే సరళం (గ జ డ ద బ) అవుతుంది, అందుకే తావు దావు అయింది. బళ్లో చదివిన సరళాదేశ సంధే. మన గుంటూరు వైపు ఇప్పటికీ ‘అనుమానానికి తావు లేదు’ అంటాం, అదే మాట.

ఇంకోటి చూడండి. ఇది మత్తేభం అనే వృత్తం, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోటు, పద్నాలుగో అక్షరం. లెక్కపెడితే సరిగ్గా ‘వే’ దగ్గర పడుతుంది, అంటే మొదటి ‘ఇ’కి, ‘తావే’లోని ‘ఏ’కి యతి. ‘ఇక్కడ’ అన్న మాటనీ ‘అసలు చోటే లేదు’ అన్న ఒత్తునీ కవి ఒకే ముడి వేశాడు. ఇట లేదు అన్నాడంటే, శ్మశానం గోడ దాటి ఊళ్లోకి వస్తే ఉందనే కదా! వినుకొండలో పుట్టి అంటరానితనం ఒంటి మీద మోసిన మనిషి రాసిన పద్యం ఇది, దీన్ని ఒట్టి వేదాంతంగా చదివితే నాకు బాధేస్తుంది.

సినిమాతో పోలిక నిజమే. అందులో చనిపోయినవాళ్లంతా ఒకే పాత భవనంలోకి వస్తారు, ముసలివాళ్లూ కుర్రాళ్లూ, అందరినీ అడిగేది ఒకటే, బతుకులో ఒక్క జ్ఞాపకం ఎంచుకోమని. ఆ జ్ఞాపకాన్ని చిన్న సినిమాగా తీసి చూపిస్తారు, వాళ్లు దానితో వెళ్లిపోతారు. స్వర్గం, నరకం, తీర్పు ఏమీ లేవు. జాషువా గారి పద్యంలోనూ యముడి కొలువు లేదు, తరవాతి పాదాల్లో పెబ్బులినీ మేకనీ పక్కపక్కన చేర్చి జోకొట్టే నేల మాత్రమే ఉంది. కాకపోతే జపాను సినిమా, మనిషి ఏం వెంట తీసుకెళ్లాడని అడుగుతుంది, ఈ పద్యం బతికున్నవాళ్లని నిలదీస్తుంది.

> ఇది బలిజేపల్లి వారి నాటకంలో పద్యం కాదా అన్నా? తెనాలిలో విన్నాను.

కాదమ్మా. ‘హరిశ్చంద్ర’ నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే, కానీ ఇవి జాషువా గారు ‘శ్మశానవాటి’ అని విడిగా రాసిన పద్యాలు. హరిశ్చంద్ర వేషం కట్టినవాళ్లు కాటిసీనులో కలుపుకుని పాడారు, జనానికి అవే నోటికొచ్చాయి.

> మా పక్క ఊళ్లలో శ్మశానాలు కూడా వేరువేరుగానే ఉన్నాయి, మరి ‘ఇట’ ఎక్కడ?

మంచి ప్రశ్న. నేననుకోవడం, ఆ ‘ఇట’ కాటి నేల కాదు, మట్టి అడుగు. పైన గోడ ఎక్కడ కట్టినా కింద భూమి ఒకటే, తరవాతి పాదంలో ‘గర్భమున’ అన్నది కూడా అందుకే. పాడేవాళ్లు చాలామంది ‘దావేలేదు’ని రాగంలో జార్చేసి ‘విశ్వంభరా’ మీద ఆలాపన తీస్తారు. అలా కాకుండా ఆ ‘వే’ దగ్గర ఒత్తి పలికి ఒక్క క్షణం ఆగి చూడమని మన బెజవాడ కళాకారులకి ఎవరైనా చెప్పండి.