‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘హియర్’ తప్పేనా? ‘హియరింగ్’ అనే రాయాలా?

సందేహి:
ఉద్యోగ దరఖాస్తు చివర ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’ అని రాస్తే, ‘హియర్’ కొట్టేసి ‘హియరింగ్’ అని దిద్దుతున్నారు. ‘టు’ పక్కన క్రియ మొదటి రూపమే రావాలని కదా బడిలో నేర్పేది? ‘ఐ వాంట్ టు హియర్’ ఒప్పయితే ఇది తప్పెలా అవుతుంది? వచ్చే ఈమెయిళ్లలో కూడా ‘టు హియర్’, ‘టు మీట్’ అని తరచూ కనిపిస్తూనే ఉంటాయి.

పదబంధం:
దిద్దినవాళ్లదే ఒప్పండి. ఇంగ్లీషులో ‘టు’లు రెండున్నాయి. ‘ఐ వాంట్ టు హియర్’లోది క్రియకు ముందు తగిలించే గుర్తు. ‘ఐ వెంట్ టు ద లైబ్రరీ’లోది ప్రిపోజిషన్, మన ‘కి, కు’ లాంటిది. ఈ రెండో దాని పక్కన నామవాచకమైనా రావాలి, క్రియను నామవాచకంగా మార్చిన ఐఎన్‌జీ రూపమైనా రావాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ఉన్నది ఈ రెండోదే.

ఏది ఏదో పట్టుకోవాలంటే క్రియ తీసేసి ఆ చోట ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ నిలబడింది, కాబట్టి ‘టు హియరింగ్’. ‘ఐ వాంట్ టు ఇట్’ కూలిపోయింది, కాబట్టి ‘టు హియర్’. చాలామంది తడబడే మరో జంట కూడా ఇలాగే తేలుతుంది. ‘ఐ యామ్ యూజ్డ్ టు ఇట్’ అనొచ్చు, అందుకే ‘ఐ యామ్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ’: పొద్దున్నే లేవడం నాకు అలవాటే. ‘ఐ యూజ్డ్ టు ఇట్’ అనలేం, అందుకే ‘ఐ యూజ్డ్ టు వేక్ అప్ ఎర్లీ’: ఒకప్పుడు లేచేవాణ్ని, ఇప్పుడు లేదు.

వాడుకే ప్రమాణం:
‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అంటే అర్థం కాని మనిషి ఎవరు? మనం ‘కలవడానికి ఎదురుచూస్తున్నాను’ అంటాం, దానికి ‘టు మీట్’ సహజంగా వస్తుంది. ‘ప్రీపోన్’ని కూడా ఒకప్పుడు తప్పన్నారు, ఇవాళ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. కోట్లమంది మాట్లాడే ఇంగ్లీషుకి సొంత వాడుక ఉండకూడదా?

ఎర్రసిరా:
ఉండొచ్చండి, కానీ మీరిచ్చిన ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతోంది. ‘కలవడానికి’ అనే మాటను విడదీసి చూడండి. పుస్తకం – పుస్తకానికి ఎలాగో, కలవడం – కలవడానికి అలాగే. ‘కలవడం’ నామవాచకం, దానికి ‘కి’ చేరింది. అంటే తెలుగు కూడా ‘టు మీటింగ్’ అనే కట్టుకుంది! ‘-డానికి’ కనబడగానే ‘టు ప్లస్ మొదటి రూపం’ అని బట్టీ పట్టించడం వల్లే చిక్కంతా. ‘కలవడానికి వచ్చాను’కి ‘ఐ కేమ్ టు మీట్’ సరిపోతుంది గనక, అదే అచ్చు అన్నిచోట్లా గుద్దేస్తున్నాం.

‘ప్రీపోన్’ సంగతి వేరు. ‘ముందుకు జరపడం’ అన్న భావానికి ఒక్క మాటలో సూటి పదం లేక పుట్టింది, ఖాళీని నింపింది. ‘టు మీట్’ ఏ ఖాళీనీ నింపదు. అర్థమవుతుందన్నది నిజమే. కానీ పరీక్షలో ఖాళీలు పూరించమన్నప్పుడు మార్కు పోతుంది, దరఖాస్తులో ఉద్యోగం ఇచ్చేవాళ్లు చదివే చివరి వాక్యమూ అదే.

నా లెక్కలో దీనికన్నా పెద్ద తప్పు ‘లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై’. ‘మీ జవాబు కోసం’లోని ‘కోసం’ని ‘ఫర్’ చేసి తెచ్చేస్తారు. ‘ఫర్’ అతికేది ‘వెయిట్’కి: ‘వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై’. అదీ ‘ఇంకా ఇవ్వలేదేం?’ అని తొందరపెట్టినట్టు వినిపించవచ్చు. ‘ఎదురుచూడటం’ అనే మన ఒక్క మాట ఇంగ్లీషులో రెండుగా చీలిపోతుంది. బస్సు కోసం చూస్తే ‘వెయిట్ ఫర్’, సంతోషంతో చూస్తే ‘లుక్ ఫార్వర్డ్ టు’. అందుకే ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మై సర్జరీ’ అంటే వినేవాళ్లు ఉలిక్కిపడతారు. వ్యాకరణంలో లోపం లేదు, కోత అంటే సరదా అన్నట్టుంటుంది.

వాడుకే ప్రమాణం:
‘కలవడానికి’ విషయం ఒప్పుకుంటున్నాను, అలా ఎప్పుడూ చూడలేదు. కానీ పదబంధం గారి ‘ఇట్’ పరీక్ష అంత గట్టిదేం కాదు. ‘వియ్ అగ్రీడ్ టు ఇట్’ నిలబడుతుందిగా? మరి ‘వియ్ అగ్రీడ్ టు మీట్’ అనే రాస్తారేం?

పదబంధం:
మంచి దెబ్బే కొట్టారు. నేను మరీ తేలిగ్గా చెప్పేశాను, సవరించుకుంటాను. ‘ఇట్’ నిలబడకపోతే ఆ ‘టు’ పక్కన ఐఎన్‌జీ పెట్టొద్దు, అంతవరకు ధైర్యంగా వాడండి. ‘ఇట్’ నిలబడితే మాత్రం ఐఎన్‌జీ వచ్చే అవకాశం ఉందని మాత్రమే అర్థం. ‘అగ్రీ’ రెండు రకాల ‘టు’నీ రానిస్తుంది, క్రియ ముందు మామూలుగా మొదటి రూపాన్నే తీసుకుంటుంది. అక్కడ నిఘంటువు తెరిచి ఉదాహరణ వాక్యం చూడాల్సిందే. ‘లుక్ ఫార్వర్డ్ టు’, ‘ఆబ్జెక్ట్ టు’, ‘బీ యూజ్డ్ టు’, ‘వెన్ ఇట్ కమ్స్ టు’ – ఈ నాలుగింటికీ ఐఎన్‌జీ అని విడిగా గుర్తుపెట్టుకుంటే రోజువారీ రాతలో చాలామటుకు గట్టెక్కుతారు.

సందేహి:
‘హియరింగ్’ అనే రాస్తాను. ఇంకొక్కటి: ‘ఐ లుక్ ఫార్వర్డ్’ అనాలా, ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్’ అనాలా?

ఎర్రసిరా:
రెండూ ఒప్పే, మర్యాదలోనే తేడా. దరఖాస్తుకి, ముఖపరిచయం లేనివాళ్లకి ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’. తోటి ఉద్యోగికి, స్నేహితులకి ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యూ’. ‘ఐ’ లేకుండా ‘లుకింగ్ ఫార్వర్డ్ టు…’ అని మొదలుపెట్టడం చనువున్న ఈమెయిల్‌కి బాగానే ఉంటుంది, దరఖాస్తులో వద్దు. రెండిటినీ కలిపేసి ‘ఐ యామ్ లుక్ ఫార్వర్డ్’ అనో, ‘యామ్’ మింగేసి ‘ఐ లుకింగ్ ఫార్వర్డ్’ అనో మాత్రం రాయకండి. క్రియ అక్కర్లేకపోతే ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ చాలు, కానీ అందులోనూ ‘టు’ జారిపోకూడదు. ప్రశ్న అడిగేటప్పుడు కూడా అది చివర్లో వేలాడుతూ ఉండాల్సిందే: ‘వాట్ ఆర్ యూ లుకింగ్ ఫార్వర్డ్ టు?’