రీబాండింగ్ మానేసి రింగుల జుట్టు పెంచుకుంటున్న కాలంలో స్ట్రెయిట్నర్ వాడవచ్చా?

కురులసిరి, విజయవాడ:

నాది పుట్టుకతో వచ్చిన రింగుల జుట్టు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పార్లర్‌లో రీబాండింగ్, అంటే మందుతో జుట్టును శాశ్వతంగా తిన్నగా మార్చడం, చేయించుకున్నాను. ఆ తరువాత నాలుగేళ్ల పాటు, కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగిన మేరకు ఏడాదికొకసారి మళ్లీ చేయిస్తూ వచ్చాను. మాడు మంటను, దువ్వెన నిండా విరిగిపడే ముక్కలను ఇక భరించలేక పద్నాలుగు నెలల క్రితం పూర్తిగా మానేశాను. ఇప్పుడు పైన, సాగదీసి కొలిస్తే 16 సెంటీమీటర్ల మేర నా సొంత రింగులు, వాటి కింద నడుము దాకా నిర్జీవమైన తిన్నని జుట్టు ఉన్నాయి. జడ అల్లితే పైన బుట్టలా ఉబ్బి, కింద ఎలుక తోకలా సన్నబడుతోంది.

ఆ తేడా కనిపించకూడదని ఆఫీసు రోజుల్లో పైభాగాన్ని స్ట్రెయిట్నర్‌తో సాపు చేస్తున్నాను. వారానికి మూడుసార్లయినా తప్పడం లేదు. అయితే క్రితం నెలలో తలంటుకున్నాక చూస్తే, నుదుటి పక్కనున్న రెండు పాయలు తడిసినా రింగులు తిరగకుండా తీగల్లా వేలాడుతూనే ఉన్నాయి. ఇన్ని నెలలు ఎదురుచూసి పెంచుకున్న జుట్టును నేనే పాడు చేసుకుంటున్నానేమోనని భయం పట్టుకుంది. డిసెంబరులో చెల్లెలి పెళ్లి ఉంది కనుక అప్పటి వరకు పొడవు ఉంచుకోవాలని ఉంది. ఈ దశ దాటివచ్చిన వారు వేడిని ఎలా వాడారో, అసలు వాడారో లేదో చెప్పగలరా?

రసాయనశాల, హనుమకొండ:

సిరి గారూ, నేను డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తాను, నాదీ రింగుల జుట్టే. వెంట్రుకలోని కెరాటిన్ ప్రోటీన్‌కు ఆకారాన్నిచ్చే బంధాలలో రెండింటి గురించి తెలుసుకుంటే మీ ప్రశ్నకు చాలా వరకు సమాధానం దొరుకుతుంది. గంధకపు పరమాణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధాలు బలమైనవి. రీబాండింగ్ మందులోని అమ్మోనియం థయోగ్లైకొలేట్ వాటిని తెంచుతుంది. ఆపైన జుట్టును సాపు చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్‌తో ఆ తిన్నని ఆకారంలోనే వాటిని తిరిగి కలుపుతారు. అందువల్ల ఆ భాగం ఎంత నూనె పెట్టినా, ఏ లేపనం రాసినా మళ్లీ రింగులు తిరగదు, కత్తిరించే వరకు అలాగే ఉంటుంది.

రెండవవి హైడ్రోజన్ బంధాలు. ఇవి నీటికీ వేడికీ విడిపోయి, ఆరినప్పుడు, చల్లబడినప్పుడు మళ్లీ ఏర్పడతాయి. స్ట్రెయిట్నర్ మీ కొత్త జుట్టులో మార్చేది ప్రధానంగా వీటినే కనుక, తల తడిపితే రింగులు తిరిగి రావాలి. వేడి హద్దు దాటితే మాత్రం కెరాటిన్ నిర్మాణమే చెదిరిపోతుంది. పొడి జుట్టుకు ఆ హద్దు సుమారు 200 డిగ్రీల సెల్సియస్. తడి జుట్టుకు అంతకంటే చాలా తక్కువ, ఎందుకంటే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కట్టి, ఆ బుడగలున్న చోట అది విరుగుతుంది. తక్కువ వేడి కూడా వారానికి మూడుసార్లు ఒకే చోట తగిలితే నష్టం పోగవుతుంది. నుదుటి దగ్గరి వెంట్రుకలు సన్ననివి కాబట్టి మీకు ముందుగా అక్కడే కనిపించింది. ఆ రెండు పాయలు ఇక కోలుకోవు, అక్కడ మళ్లీ కొత్తగా పెరగవలసిందే. మిగిలిన జుట్టు నిలవాలంటే ఇప్పుడే ఆపండి.

విశాఖతీరం:

మా ఊరి గాలిలో తేమ వల్ల నా అనుభవం ఇంకా దారుణంగా ఉండేది. పొద్దున ఏడింటికి సాపు చేసుకున్న జుట్టు మధ్యాహ్నానికే పొంగిపోయేది, సాయంత్రం ఏదైనా వేడుక ఉంటే అదే రోజు రెండోసారి కాల్చేదాన్ని. దానికి తోడు స్ట్రెయిట్నర్ పెట్టే ముందు మెరుపు కోసం కొబ్బరి నూనె రాసేదాన్ని. శుద్ధి చేయని కొబ్బరి నూనెకు సుమారు 175 డిగ్రీల దగ్గరే పొగ వస్తుందని, అది వేడి నుంచి కాపాడే సీరం పని చేయదని ఆలస్యంగా తెలిసింది. ఆ నూనె తలంటుకు ముందు రాత్రి పెట్టుకోవడానికి మంచిది. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనే జుట్టులోని ప్రోటీన్ పోకుండా ఆపిందని తేలింది.

చివరికి నేను ఆలోచనను తిరగేశాను. కొత్త రింగులను కాల్చి పాత జుట్టుకు సరిపెట్టే బదులు, పాత జుట్టునే అలలుగా మలిచి కొత్తదానికి దగ్గర చేశాను. తలంటుకున్నాక కొంచెం తడి ఉండగానే ఉడికించి వడగట్టిన అవిసె గింజల జిగురు రాసి, తలను ఎనిమిది పాయలు చేసి జడలల్లి, చివర్లను చిన్న చుట్టలుగా చుట్టి, నూలు గుడ్డ కట్టుకుని పడుకునేదాన్ని. పూర్తిగా ఆరాకనే విప్పాలి. కాస్త తడి మిగిలినా చివర్లు మళ్లీ తిన్నగా జారిపోతాయి. మొదటి నెల నాకూ కుదరలేదు. చేయి అలవాటయ్యాక రెండు రకాల జుట్టు ఉందని మా అమ్మ కూడా పోల్చుకోలేకపోయింది.

దూరపుచుట్టం, అట్లాంటా:

ఇక్కడ నేను వెళ్లే హెయిర్ స్టైలిస్ట్ నల్లజాతి అమెరికన్ మహిళ. ఈ మారే దశ గురించి వారికున్న అనుభవం చాలా పెద్దది, ఎందుకంటే రింగులను సాపు చేసే మందు అయిన రిలాక్సర్ మానేసి సొంత జుట్టుకు వచ్చిన వారు ఆ సమాజంలో లెక్కకు మించి ఉన్నారు. ఆమె నన్ను మొదట అడిగిన ప్రశ్న ఏ మందు వాడారని. వారి రిలాక్సర్లలో తరచుగా ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, మన రీబాండింగ్‌లో ఉండేది థయోగ్లైకొలేట్. ఒకటి వాడిన జుట్టుపై రెండవది పెడితే జుట్టు తెగి ఊడుతుందని, విదేశాల్లో ఉన్నవారు తెలియక చేయించుకోవద్దని గట్టిగా చెప్పారు.

పాత, కొత్త జుట్టు కలిసే గీత అన్నింటికంటే బలహీనమైన చోటు అని ఆమె చూపించారు. అందుకని కండిషనర్ ఉండగానే, పెద్దపళ్ల దువ్వెనతో, చివర్ల నుంచి పైకి వస్తూ చిక్కు తీస్తాను. స్ట్రెయిట్నర్‌ను ఆమె నాకు మూడు నెలలకొకసారి, అదీ చివర్లు సమంగా కత్తిరించడానికి మాత్రమే వాడతారు. జుట్టు పూర్తిగా ఆరాలి, వేడి తట్టుకునే సీరం రాయాలి, సన్నని పాయ తీసుకుని 150 డిగ్రీల దగ్గర ఒక్కసారే లాగాలి. డిగ్రీలు చూపించని స్ట్రెయిట్నర్‌ను అసలు ముట్టుకోవద్దన్నారు. ఈ చివరి మాట నాకు అన్నింటికంటే ఉపయోగపడింది.

కొత్తకోడలు, ఖమ్మం:

పెళ్లికి ముందు, జుట్టును కొంతకాలం సాపుగా ఉంచే కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకుంటే ఈ బాధ ఉండదేమో కదండీ? నాలుగు నెలల్లో పోతుందని మా పార్లర్‌లో అంటున్నారు.

రసాయనశాల, హనుమకొండ:

దయచేసి ఆ దారి పట్టకండి. ఆ మందును పట్టించడానికి తరచుగా 230 డిగ్రీల దాకా వేడి చేసిన స్ట్రెయిట్నర్‌ను ఒకే పాయపై పలుమార్లు లాగుతారు, కనుక మందు పోయినా ఆ వేడి చేసిన చేటు మిగిలిపోతుంది. పైగా వాటిలో చాలా రకాలు వేడికి ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

నీలవేణి, తిరుపతి:

నేను వేచి ఉండలేక తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించాను. అంతకు ముందు ఏడాది మూడు కత్తెరలే ఇచ్చాను, ఈసారి మొత్తం ఇచ్చేశాను. ఇప్పుడు భుజాల వరకు పెరిగిన రింగులన్నీ నావే.

గోదారిగట్టు, అమలాపురం:

సిరి గారూ, పెళ్లికి మన పూలజడ ఉండగా స్ట్రెయిట్నర్‌తో పనేముందండీ? పైన రింగులను కాస్త తడిపి పాపిట తీసి దువ్వి, మెడ దగ్గర సవరం కలిపి అల్లి మల్లెలూ కనకాంబరాలూ కుట్టిస్తే లోపల జుట్టు ఎంత పొడవుందో ఎవరికీ తెలియదు. సవరం తేలికైనది తీసుకోండి. బరువైనది బిగించి కడితే ఆ బలహీనమైన గీత దగ్గరే జుట్టు తెగుతుంది.

కురులసిరి, విజయవాడ:

మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. సవరం సంగతి నాకు తట్టనే లేదు, మా అమ్మమ్మది ఇంట్లోనే ఉంది. అది ఉన్నాక నడుము దాకా ఉన్న ఆ జీవం లేని జుట్టును పెళ్లి వరకు మోయవలసిన అవసరం లేదనిపించి, ఆదివారం నాడు ఒక జానెడు కత్తిరించుకున్నాను. స్ట్రెయిట్నర్‌ను చెల్లెలికి కూడా ఇవ్వకుండా అటక మీద పెట్టాను. నిన్న రాత్రి ఎనిమిది జడలల్లుకుని పడుకున్నాను. పొద్దున వెనుకవైపు రెండు జడలలో ఇంకా తడి ఉండి కొసలు జారిపోయాయి కానీ, మిగిలిన ఆరూ చక్కగా అలలు తిరిగాయి. ఈ రోజు ఆ జుట్టుతోనే ఆఫీసుకు వెళ్లాను.