చెన్నైలో రోజూ సాయంత్రం వాన, మా ఊర్ల చుక్క లేదు, ఇదెట్లా?

వేళచేరి_వరంగల్:
అన్నలూ ఒక డౌట్. నేను వేళచేరిలో ఉంటా, మాది వరంగల్ దగ్గర పల్లె. మృగశిర చివర్ల ఒక వాన పడంగనే నాన్న ఐదెకరాలు పత్తి గింజలు పెట్టిచ్చిండు, ఇగ ఆ తర్వాత పద్దెనిమిది రోజుల నుంచి మబ్బులు రావుడు పోవుడే తప్ప చుక్క పడలే, ఆరుద్ర మొత్తం ఎండిపోయింది. ఇక్కడేమో కరెక్ట్‌గా ఆఫీస్ వదిలే టైంకి ఉరుములు, వాన, రోడ్డు మీద మోకాలిలోతు నీళ్ళు. నిన్న ఫోన్ల సప్పుడు విని "ఆడ పడుతుందా" అన్నడు నాన్న, ఇంకేం మాట్లాడలే. నైరుతి రుతుపవనాలు తమిళనాడుకి రావనే కదా స్కూల్ల చదివినం?

అనంతపురం_తాంబరం:
రావని కాదు బ్రో, వచ్చేసరికి వాటి దగ్గర తేమ మిగలదు. గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడే కేరళ, కొంకణ్ వైపు కుమ్మరించేసి ఇటు దిగేసరికి పొడిగా అయిపోతుంది. చెన్నైకి ఏడాదికి 1400 మి.మీ. దాకా పడితే సగం పైన అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లోనే. ఇప్పుడు నువ్వు తడిసేది రుతుపవనం వాన కాదు, పగలంతా నేల కాగి, మధ్యాహ్నం పైన సముద్రపు గాలి తేమ పట్టుకొస్తే లేచే ఉరుముల వాన.

అసలు మ్యాటర్ వేరే ఉంది. రాజస్థాన్ వైపు నుంచి బంగాళాఖాతం దాకా ఒక అల్పపీడన ద్రోణి ఉంటుంది, వానలన్నీ దాని చుట్టూనే. అది ఒక్కోసారి పైకి జరిగి హిమాలయాల కిందికి పోయి కూర్చుంటుంది, అప్పుడు బీహార్, అస్సాం వైపు వరదలు, మధ్యలో మీకు బెట్ట, అదే టైంలో తమిళనాడులో ఉరుముల వానలు పెరుగుతాయి. అంటే మీ నాన్నకి వాన ఆగడం, నువ్వు తడవడం రెండూ ఒకే కథ కావచ్చు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే ద్రోణి మళ్ళీ కిందికి వస్తుంది, మీకు రెండు మూడు రోజులు ముసురు పట్టేది అప్పుడే.

నెల్లూరోడు:
మా సైడు ఈ నైరుతి లెక్కే కాదబ్బా, మాకు అక్టోబర్ నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలే దిక్కు, చెన్నైకి మల్లేనే. అయినా చెన్నైలో వానని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. 2015 డిసెంబర్‌లో ఇల్లు మునిగినోళ్ళు తిడితే అర్థం ఉంది, 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెప్పించుకున్న ఊరు ఇది, బైక్ ఆగిపోయిందని తిట్టేదేంది. ఇంకోటి, మహారాష్ట్ర కొండల మీద పడ్డ వాన కృష్ణలోకి, శ్రీశైలం, సోమశిల, కండలేరు డ్యాంల మీదుగా కాలవలో చెన్నై పక్కన పూండి రిజర్వాయర్‌కి వస్తుంది, తెలుగుగంగ అంటే అదే, 1996లో మొదటిసారి వచ్చినాయి నీళ్ళు. నైరుతి ఇక్కడ పడకపోయినా మన కుళాయిలోకి ఎంతో కొంత వస్తానే ఉంది.

అనంతపురం_తాంబరం:
ఇంకో మాట మర్చిపోయినా. సీజన్ అయిపోయినాక టీవీలో "సాధారణ వర్షపాతం" అంటారు చూడు, దేశం మొత్తానికి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సగటు 87 సెం.మీ., అందులో 96 నుంచి 104 శాతం పడితే సాధారణమే. కానీ చేను సగటు తాగదు కదా! మా వేరుశనగకి ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే టైంలో ఇరవై రోజులు పడక, పీకే టైంలో మూడు రోజులు కుండపోత పడినా లెక్క సరిపోతుంది, కాయే ఉండదు.

పత్తిచేను:
తమ్మీ, మాది ఆదిలాబాద్, నేను కూడా పోయినేడు గిట్లనే మోసపోయిన. ఒక్క వానకు పెట్టద్దు, 60-75 మి.మీ. పడి నేల లోపలిదాకా తడిస్తేనే పెట్టాలె అని వ్యవసాయ అధికారులు చెప్తనే ఉంటరు, కానీ పక్కచేను ఆయన పెడుతుంటే చేతులు ఆగవు, గంతే. నల్లరేగడి అయితే కొంచెం ఓపిక పట్టు, లోపల పదును ఉంటది, వాన పడ్డాక పోగుంటలు, అంటే మొలవని కాడ మళ్ళ గింజలు పెట్టుకుంటే సరిపోతది. చెల్క నేల, అదే ఎర్ర ఇసుక నేల అయితే ఆశ పెట్టుకోకు, జూలై సగం దాటితే పత్తి వద్దు, కంది పెట్టుకోమను.

వేళచేరి_వరంగల్:
ఇప్పుడే మాట్లాడిన. రేగడి మూడెకరాలు ఆగిందట, చెల్క రెండెకరాలు పోయింది. కంది అంటే "ముందు మబ్బు నిలవనీ" అన్నడు. ఇక్కడ మళ్ళ ఉరుముతుంది.